హెడ్‌ఫోన్లో తన పేరు

“గ్యాసేనే. ఊరికే భయపడి చస్తావు,” అన్నాడు మొగుడు, ఇస్త్రీకి ఐదో చొక్కా అందిస్తూ. “ఆ కాలరు దగ్గర కాస్త గట్టిగా రుద్దు.”

ఆమె గట్టిగానే రుద్దింది. పొట్టలోంచి వీపులోకి పాకే నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటూ, ‘ఎంత ముద్దుగా అబద్ధమాడుతున్నావురా నాయనా’ అనుకుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుణ్ణి మనసులోనైనా ‘రా’ అనడం ఈ వారమే మొదలైంది. భలే హాయిగా ఉంది.

పదకొండేళ్లుగా ఆమె పనేమిటంటే, స్కాన్ చూసిన డాక్టర్లు గొణిగే మాటల్ని హెడ్‌ఫోన్లో విని రిపోర్టుగా టైపు చెయ్యడం. కాలి కింద పెడలు నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఆరు ఆస్పత్రుల రిపోర్టులు ఆమె పనిచేసే ఆ ఒక్క గదికే వస్తాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరైనా అడిగితే కదా! అత్తగారికి అది “టకటకల ఉద్యోగం”. మొగుడైతే ఇంటికొచ్చినవాళ్లతో, “ఏదో కాలక్షేపానికి వెళుతుందిలెండి, దాని బుర్రకి అంతకన్నా ఏం ఎక్కుతుంది,” అని నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవారు. ఈమె లోపలికి వెళ్లి వాళ్లందరికీ కాఫీ కలిపేది.

పోయిన మంగళవారం అన్నం డబ్బా కడుక్కొచ్చి పెడలు నొక్కింది. తెర మీద తన పేరే, ఇంటిపేరుతో సహా: నొప్పికని ముందురోజు తీయించుకున్న స్కాన్. వయసు యాభై ఒకటి. చెవిలో, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే డాక్టరు గొంతు: పాంక్రియాస్‌లో నాలుగు సెంటీమీటర్ల గడ్డ, పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టేసింది, లివరు శుభ్రంగా ఉంది. ఆమె కాలు పెడలు మీంచి జారిపోయింది. మంచినీళ్లు తాగి, మళ్లీ నొక్కి, ఒక్క అక్షరం తప్పు లేకుండా పూర్తి చేసింది. మర్నాడు మొగుడు ఆ రిపోర్టు కవరు తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు. గ్యాసన్నాడు.

పోనీ, పెళ్లాం బెంగపెట్టుకుంటుందని దాచాడేమో అనుకుందామా? రెండు రోజులు ఆమె కూడా అలాగే అనుకుంది, పిచ్చిది. మూడో రోజు బాల్కనీలో ఫోన్లో ఆడపడుచుతో అంటున్నాడు: “వైద్యం వద్దనేద్దామనుకుంటున్నా అక్కా. కీమోలూ గీమోలూ మొదలెడితే మంచానపడుతుంది. అమ్మకి వండిపెట్టేదెవరు? తిరగగలిగినన్నాళ్లు ఇంట్లో ప్రశాంతంగా తిరగనీ.”

ప్రశాంతంగా! తెల్లారి ఐదింటికి లేచి అత్తగారికి మెత్తగా, మొగుడికి కారంగా వండి, మిగిలింది తాను తినడం ప్రశాంతత కాబోలు. ఒళ్లు భగ్గుమంది. అప్పటిదాకా కడుపులో ఉన్న చావు భయం ఎటు పోయిందోగాని, దాని చోట కసి వచ్చి కూర్చుంది. గడ్డ లివరుకి పాకిందంటే ఇక చేసేదేమీ ఉండదని ఆమెకి తెలుసు. ఉన్న నాలుగు రోజులనీ ఈ మనిషి వంటింటికి రాసిచ్చేస్తున్నాడు.

వెంటనే నిలదియ్యలేదు. క్యాన్సరు డాక్టరమ్మ సోమవారం తీసుకురమ్మందని కూడా ఆ ఫోన్లోనే వింది. ఆ గదిలోనే, మూడో మనిషి ముందే తేల్చాలి. ఈలోగా వడ్డిస్తూ వడ్డిస్తూ, “గ్యాస్‌కి ఇంత చిక్కిపోతారంటారా అండీ?” అని అమాయకంగా అడిగేది. ముద్ద అతని గొంతులో ఆగిపోయేది. నీళ్ల గ్లాసు అందించేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇన్నేళ్లూ ఎలుకగా బతికినామెకి పిల్లి సంబరమేమిటో తెలిసొచ్చింది.

సోమవారం, గుమ్మం మీది క్యాన్సరు బోర్డు కనబడకుండా మొగుడు ఆమెకి అడ్డంగా నడిచాడు. “మా ఆవిడ బయట కూర్చుంటుందండీ,” అన్నాడు డాక్టరుతో. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“డాక్టరుగారూ, గడ్డ రక్తనాళాన్ని చుట్టింది కాబట్టి కోసి తియ్యలేరు. కీమో ఇచ్చి, ఎక్కడికీ పాకకపోతే, సూదులు గుచ్చి కరెంటుతో గడ్డని అక్కడికక్కడే చంపే వైద్యం కలుపుతారు కదా? అలాంటివాళ్ల రిపోర్టులు టైపు చేశాను. నాకు కుదురుతుందా?”

మొగుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. “నీకెవరు చెప్పారే?”

“మీరు బీరువాలో దాచింది నేను టైపు చేసిన కాగితమేనండీ. కింద నా పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. మీరు చూసుండర్లెండి.”

డాక్టరు ఊపిరి పీల్చుకుంది. “ఇవాళ మిమ్మల్నే పిలుద్దామనుకున్నానమ్మా. ముందు గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష. తర్వాత కొన్ని నెలలు కీమో, మళ్లీ స్కాన్. గడ్డ అదుపులో ఉంటేనే సూదులు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. కొందరికి రోజులు పెరిగాయి, కొందరికి ఏమీ ఒరగలేదు. ప్రమాదాలూ ఉన్నాయి. కానీ మీవాళ్లు వైద్యమే వద్దన్నారు.”

“నావాళ్లెవరూ అనలేదు. ఈయనన్నాడు,” అని ఆమె వైద్యానికి ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేసింది.

వరండాలో మొగుడు వెంటపడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. “నీ మంచికేననుకున్నానే. సరే, చేయించుకో. కీమో అయ్యాక మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తే, అమ్మకి...” అని నాలుక్కరుచుకున్నాడు.

ఆఫీసులో పక్క సీటావిడ ఈ ఆస్పత్రి వీధి చివరే ఒంటరిగా ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఈమెకి గది సిద్ధంగా ఉంది. బట్టలు పొద్దున్నే అక్కడికి చేరాయి.

“మందు పనిచెయ్యకపోతే నేనెలాగూ ఇంటికి రాను,” అంది ఆమె, మెట్లు దిగుతూ. “పనిచేసినా రాను.”