తలుపుకు ఎదురుగా

సతీష్‌బాబు పోయాక వచ్చిన ఎండాకాలంలో, అతని తమ్ముడు వీరేంద్ర ఒక మనిషిని వెంటబెట్టుకుని జగ్గయ్యపేటలో అన్న నడిపిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వచ్చాడు.

"వాస్తు అంటే గోడలు పగలగొట్టమంటారు వదినా. ఇది అద్దె గది. అదే చైనావాళ్ళ ఫెంగ్ షుయ్ అయితే సామాను అటూ ఇటూ జరిపితే సరిపోద్ది," అన్నాడు.

రాజ్యశ్రీ సరేనంది. భర్త పోయినప్పటి నుంచి ఎవరేమన్నా సరేనంటోంది. ఆఫీసు మూసెయ్యొద్దు, నువ్వే కూర్చో అన్నప్పుడూ అంతే. రోజూ పొద్దున్నే నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా వచ్చి, తాళం తీసి కూర్చుంటోంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే ఏ లారీ ఖాళీగా ఉందో కనుక్కుని పంపుతోంది. ఏడుపు ఎప్పుడొస్తుందా అని మొదట్లో ఎదురుచూసింది. రాలేదు. తర్వాత ఎదురుచూడటం కూడా మానేసింది.

వీరేంద్ర వెంట వచ్చిన శాంతికుమార్‌కు నందిగామలో గిఫ్టు షాపు ఉంది. నవ్వే బుద్ధుడి బొమ్మలు, గాజు గిన్నెల్లో వెదురు మొక్కలు అమ్ముతూ ఆ విద్య మీద ఇష్టం పుట్టి ఆన్‌లైన్‌లో కోర్సు చేశాడు. నెమ్మదైన మనిషి. దిక్సూచి పట్టుకుని గది మధ్యలో నిలబడి, చాలాసేపు టేబుల్ వంకే చూశాడు.

ఆ టేబుల్ గోడకు ఆనించి ఉంది. అక్కడ కూర్చుంటే ఎదురుగా గోడ, వీపు వెనక తలుపు, దాని అవతల రోడ్డు. వచ్చిపోయేవాళ్ళని చూస్తుంటే ఫోన్లో మాట తప్పిపోతుందని సతీష్‌బాబే అలా వేయించుకున్నాడు. రాజ్యశ్రీకి అది బాగానే కలిసొచ్చింది. ఆ కుర్చీలో కూర్చుంటే లోపలికి వచ్చేవాళ్ళకు ఆమె ముఖం కనిపించదు.

"తప్పుగా అనుకోవద్దు మేడమ్," అన్నాడు శాంతికుమార్. "తలుపుకి వీపు పెట్టి కూర్చోకూడదండి. వెనకాల గోడ అండగా ఉండాలి. ఎదురుగా వచ్చేవాళ్ళు కనపడాలి. లేకపోతే దెబ్బ వెనక నుంచి తగులుద్దంటారు."

"ఆయనకి దెబ్బేం తగల్లేదండి. గుండె ఆగిపోయింది," అంది రాజ్యశ్రీ. లారీ నంబరు చెప్పినట్టే చెప్పింది.

వీరేంద్ర కిటికీలోంచి బయటికి చూశాడు. శాంతికుమార్ టేబుల్ ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని గోడ నుంచి ముందుకి ఈడ్చి తిప్పి, తలుపు కనపడేలా కుర్చీని గోడవైపు వేశారు. తూర్పున వెదురు మొక్క పెట్టారు. విరిగిన కుర్చీలు, పాత టైరు ట్యూబులు బయటపడేశారు. ఆగ్నేయ మూలన కరెంటుతో నడిచే చిన్న ఫౌంటెన్ పెట్టారు. ఆ నీళ్ళ చప్పుడుకి కూర్చున్నవాళ్ళు మాటిమాటికీ లేచి బయటికి పోవాల్సి వస్తోందని డ్రైవర్లు గొణిగితే, మర్నాడే రాజ్యశ్రీ దాని ప్లగ్గు పీకేసింది.

కొత్త చోటు ఆమెకు నచ్చిందీ లేదు, నచ్చకపోయిందీ లేదు. కాకపోతే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఆమె ముఖమే చూస్తున్నారు. కొందరు చూపు తిప్పుకుంటున్నారు. కొందరు నాలుగు మంచిమాటలు చెబుతున్నారు. ఆమె తలూపుతోంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జాన్‌బాషా వచ్చాడు. సతీష్‌బాబు దగ్గర చాలా ఏళ్ళుగా లారీ నడుపుతున్నవాడు. గుండె ఆగిన రోజు సతీష్‌బాబును ఆసుపత్రికి చేర్చిందీ, రాజ్యశ్రీకి ఫోన్ చేసిందీ అతనే. ఆ తర్వాత ఆఫీసు మెట్లెక్కలేదు. లోడు స్లిప్పులు వేరే డ్రైవర్ల చేత తెప్పించుకుంటున్నాడు. ఇవాళ ఎవరూ దొరకలేదేమో, తనే వచ్చాడు. గుమ్మంలో ఆమెను చూసి ఆగిపోయాడు.

"టేబుల్ తిప్పారా అమ్మా?"

"మా మరిది తిప్పించాడు. లోపలికి రండి బాషా గారూ."

అతను లోపలికి వచ్చాడు గానీ కూర్చోలేదు. ఇదివరకు టేబుల్ ఆనించి ఉన్న గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రోజు ఇట్టా ఉంటే బాగుండేది," అన్నాడు.

"ఏం?"

"నేనొచ్చేసరికి సారు అటు తిరిగి కూర్చునున్నారమ్మా. టేబుల్ మీదికి వాలి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని. ఫోన్లో అవతలివాళ్ళు చెప్పేది వింటన్నారనుకున్నా. కదిలించడం ఎందుకని ఈ బెంచీ మీద కూర్చున్నా. టీ తెప్పించుకున్నా." వంగి బెంచీ మీద చెయ్యి వేశాడు. "ఆయన వెనకాల కూర్చుని టీ తాగానమ్మా. మొహం కనపడుంటే అప్పుడే తీసుకుపోయేవాణ్ణి."

రాజ్యశ్రీ బెంచీని చూసింది. తనలో ఏదో ఒకటి కదులుతుందని ఆగింది. ఏదీ కదల్లేదు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. జాన్‌బాషా గడ్డం మాసి ఉంది, మనిషి సగమయ్యాడు. ఇన్నాళ్ళూ ఇతను దీన్ని మోస్తూ లారీ నడుపుతున్నాడు కాబోలు అనుకుంది.

"డాక్టరు చెప్పాడు బాషా గారూ," అంది. "ఒక్కసారిగా అయిపోయిందంట. మీరు రాకముందే."

డాక్టరు అలా చెప్పలేదు. అసలు ఆమె డాక్టర్ని ఏమీ అడగలేదు.

"నిజమా అమ్మా?"

"నిజమే. మీరు చేసేదేం లేదు."

అతను భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రాజ్యశ్రీ లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను తాగేదాకా ఆగి, తను ఎవరినీ అడగలేకపోయిన మాట అడిగింది.

"ఆ రోజు ఆయన ఏ చొక్కా వేసుకున్నారు? నాకు గుర్తు రావడంలేదు."

"గళ్ళ చొక్కా అమ్మా. లేతాకుపచ్చది."

"సరే," అంది. స్లిప్పు రాసి ఇచ్చింది. అతను దండం పెట్టి వెళ్ళాడు. ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది, మాట్లాడింది. సాయంత్రం మామూలు వేళకే తాళం వేసింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆయన పోయిన రోజు పొద్దున ఆ చొక్కా తనే ఇస్త్రీ చేసినట్టు చిల్లకల్లు దాటాక గుర్తొచ్చింది. కాలరు దగ్గర ముడత పోక, నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. నందిగామ వచ్చేదాకా ఆ ముడత సంగతే ఆలోచిస్తూ కూర్చుంది.

ఇంట్లో కూతురు సుస్మిత అన్నం వడ్డించింది. నాలుగు ముద్దలు తిన్నాక రాజ్యశ్రీ చెయ్యి ఆపింది.

"పులుసు పుల్లగా ఉంది," అంది.

సుస్మిత గరిటె పట్టుకుని తల్లి వంక చూసింది. ఇన్ని నెలల్లో అమ్మ తిండి గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

"నీళ్ళు పోసి మరగబెట్టనా?"

"వద్దులే. ఇంకాస్త వెయ్యి," అంది రాజ్యశ్రీ.