మూడో థియేటర్‌కి వెళ్ళిన మూట

ఆస్పత్రి నేలమాళిగలో ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ కడిగి, మూటకట్టి, ఆవిరి యంత్రాల్లో శుద్ధి చేసే గది ఉంది. ఇద్దరు తోడికోడళ్ళు అక్కడే పనిచేసేవారు. ఆ ఉదయం చిన్నామె మూడో థియేటర్‌కి బండి పంపి వెనక్కి తిరిగేసరికి గుండె గుభేలుమంది. శుద్ధయిన మూట అరలోనే ఉంది. పక్క బల్ల మీద, యంత్రంలో పెట్టాల్సిన మూట లేదు.

"అక్కా, తప్పు మూట పంపేశాను."

పెద్దామె చుట్టూ చూసి దగ్గరికి జరిగింది. "ష్! మూట టేపు మీద, ఆవిరి తగిలితే నల్లబడాల్సిన చారలు నల్లబడలేదని పైన నర్సే కనిపెడుతుందిలే. నువ్వు నోరు విప్పావా, ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి."

"కనిపెట్టకపోతే?"

 పెద్దామె భయం ఊరికే పుట్టింది కాదు. పాత ఇన్‌ఛార్జిని అందరూ చాటుగా గద్ద అనేవారు. కత్తెర విరిగిందని నిజం చెప్పిన మనిషిని అతను ఆ పూటే గేటు దాటించాడు. ఆ తర్వాత ఆ గదిలో ఏదీ విరగలేదు. విరిగినవన్నీ చెత్తబుట్టల అడుక్కి చేరేవి.

కొత్త ఇన్‌ఛార్జి ఒకప్పుడు అదే గదిలో మూటలు కట్టిన మనిషి. ఆ ఉక్కలో గొంతెండిపోవడం ఎరుగును కనుక, వచ్చిన రోజునుంచీ అందరికీ తానే నీళ్ళు తెచ్చిచ్చేది. నీళ్ళక్క అని పేరు పడింది. ఒంట్లో బాగాలేనివాళ్ళ బదులు తొట్టి దగ్గర తానే నిలబడి కత్తెరలు కడిగేది. "కష్టం వచ్చినప్పుడు చూద్దాం ఈవిడ మంచితనం," అనేది పెద్దామె.

పైన ఎవరో మత్తులో పడుకుని ఉన్నారు.  చిన్నామె తొట్టి దగ్గరున్న నీళ్ళక్క వైపు ఒక్క ఉరుకున వెళ్ళి చెప్పేసింది.

నీళ్ళక్క మొహం పాలిపోయింది. ఫోన్ చేస్తే పైన ఎవరూ తీయలేదు. తడిచేతులతోనే మెట్లెక్కి పరిగెత్తింది. చిన్నామె వెనకే పరిగెత్తింది.

థియేటర్‌లో మూట అప్పటికే విప్పి ఉంది. సర్జన్ కత్తికోసం చెయ్యి చాచాడు.

"ఆగండి డాక్టర్‌గారూ! అవి శుద్ధి కాలేదు!" తలుపులోంచే అరిచింది నీళ్ళక్క.

చెయ్యి గాలిలో ఆగిపోయింది. నర్సు టేపు ముక్క చూసి కొయ్యబారిపోయింది.

"ఎవరి నిర్వాకమిది?" అన్నాడు సర్జన్.

"నా గదిలో జరిగిందండీ. జవాబు నేను చెప్తాను. ముందు మంచి మూట తెప్పిస్తున్నా."

బయటున్న చిన్నామె ఆ మాట విని మంచి మూట కోసం కిందికి పరిగెత్తింది.

మధ్యాహ్నం నీళ్ళక్కని పై అధికారులు పిలిచారు.  ఆమె తిరిగొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా మీద విచారణట. ఉంటానో పోతానో తెలీదు. నాకూ భయంగానే ఉంది. సర్లే, ఆ బల్ల అర పక్కనే ఉంటే ఎవరైనా పొరబడతారు. అవతలి గోడకి జరుపుదాం, పట్టండి."

రెండో కొస పట్టుకున్నది పెద్దామె. బల్ల దింపినా చేతులు తీయలేదు.

"అక్కా... రెండో యంత్రం తలుపు సరిగ్గా బిగియట్లేదు. టేపు నల్లబడుతోంది గానీ ఆవిరి పోతోంది. వారమైంది. చెప్తే ఏమవుతుందోనని..."

ఆ వారంలో అందులోంచి వెళ్ళిన మూటలు ఎన్ని? గదిలో అందరికీ ఒకేసారి ఒళ్ళు జలదరించింది.  నీళ్ళక్క వెళ్ళి ఆ యంత్రం ఆపేసింది.

"ఇప్పుడైనా చెప్పావు తల్లీ. అరల్లో ఉన్నవన్నీ దించేయండి. నేను మళ్ళీ పైకెళ్ళాలి."

"నేనూ వస్తానక్కా," అంది పెద్దామె. 

సాయంత్రానికల్లా వార్డులన్నీ గాలించారు. ఇద్దరికి కుట్ల దగ్గర చీము పట్టింది. వెంటనే మందులు పడటంతో గండం తప్పింది. నీళ్ళక్కని ఉంచుతారో లేదో చాలారోజులు తేలలేదు. ఆఖరికి ఉంచారు. ఆ కబురు వచ్చేదాకా తోడికోడళ్ళిద్దరికీ కంటిమీద కునుకు లేదు.