తొమ్మిదడుగుల చోటు

తాళాలక్క రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, బయటి స్తంభం మీద అరచెయ్యి ఆనించి, "కాస్త జరుగమ్మా" అంటుంది. నాలుగు కొట్ల పాత రాతి వరస జానెడు వెనక్కి జరుగుతుంది. ఆ జానెడులో తాళంచెవులు అరగదీసే బల్ల పడుతుంది. సాయంత్రం బల్ల తీయగానే వరస మళ్లీ ముందుకొస్తుంది. తాతల నాటి కట్టడం, మర్యాద తెలిసింది. అడిగితే జరుగుతుంది, నెడితే మాత్రం ససేమిరా అంటుంది.

ఊరి నడిబొడ్డు బాగుచేస్తామని ఇంజనీరు వచ్చి, వరస నిండా ఎర్రరంగు గుర్తులు పెట్టాడు. రోడ్డుకి తొమ్మిదడుగులు కావాలట, పదిహేను రోజుల్లో కూల్చేస్తారట. రోడ్డు వద్దని తాళాలక్క అనలేదు. మొన్న అంబులెన్సు ఈ ఇరుకులో చిక్కుకుని, పక్క కొట్టు టైలరు తల్లి దారిలోనే ప్రాణం విడిచింది. అది కళ్లారా చూసిన మనిషి ఎలా వద్దంటుంది? కానీ కూల్చడమేమిటి, విడ్డూరం కాకపోతే.

"జరగమని అడిగారా?" అంది ఇంజనీరుతో.

అడగాలని ఏ కాగితంలోనూ లేదని ఆయన నీళ్లు నమిలాడు. అయినా వెనక చోటేదీ అన్నాడు.

వెనక ఉన్నది తాళాలక్క ఇల్లే. వరస పొడవునా, జానెడు సందు వదిలి ఉన్న ముందుగది ఆమె భర్తది. ఎనిమిదేళ్ల కిందట ఏదో మాట మీద అలిగి మంచం అక్కడ వేసుకున్నాడు. ఆ మాటేమిటో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు, పట్టింపు మాత్రం మిగిలింది.

గది ఖాళీ చెయ్యమంటే ఆయన భగ్గుమన్నాడు. "నాకన్నా నీకు ఆ రాళ్లే ఎక్కువ."

"ఆ రాళ్లు అడిగితే జరుగుతాయి. మీరెప్పుడైనా జరిగారా?"

ఆమె ఆగలేదు. మర్నాడే గునపం తీసుకుని ఆ గది గోడ పడగొట్టడం మొదలుపెట్టింది. చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. నాలుగోనాడు ఆయనే వచ్చి, చేతులు చూసుకున్నావా అని గొణుగుతూ గునపం లాక్కున్నాడు. ఇద్దరూ కలిసి పన్నెండో రోజుకి గది నేలమట్టం చేశారు.

గడువు నాటికి బుల్డోజరు వచ్చి నిలబడింది. తాళాలక్క స్తంభం మీద చెయ్యేసి, ఈసారి వెళ్లి అక్కడే ఉండిపొమ్మని చెప్పింది. కాసేపు ఏమీ కాలేదు. అప్పుడు వరస మొత్తం, లోపల టైలరు కుడుతున్న మిషనుతో సహా, మెల్లగా వెనక్కి నడిచింది. ఇంజనీరు రెండుసార్లు టేపు పట్టి కొలిచాడు. తొమ్మిదడుగులూ ఉన్నాయి. బుల్డోజరుని వెనక్కి పంపేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త తన మంచం మోసుకుంటూ మిగిలిన ఒక్క గదికి వచ్చాడు. రెండో మంచానికి అక్కడ చోటు లేదు. ఏం చెయ్యాలో తోచక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అది బయట పెట్టి రండి," అంది తాళాలక్క, తన మంచం మీద గోడవైపుకి జరుగుతూ.