పంచుకున్న సూదిమందు

సిద్ధమ్మకు అర్థం కాని సంగతులు లోకంలో చాలానే ఉన్నాయి గానీ, పెద్దకూతురు పోలి రోగమంత తికమక పెట్టింది మరొకటి లేదు. మొదట గొంతు నొప్పన్నది. అది తగ్గీ తగ్గకముందే మోకాళ్లు వాచాయి. తిరుపతి పెద్దాస్పత్రికి ఎత్తుకుపోతే డాక్టరు మోకాళ్లు వదిలేసి గుండె మీద గొట్టం పెట్టాడు. గొంతుకీ మోకాలికీ గుండెకీ ఏం చుట్టరికమో ఆ దేవుడికే తెలియాలి.

పిల్ల లేచి తిరిగింది. అయినా మూడు వారాలకొకసారి రేణిగుంట ఆస్పత్రిలో సూది వేయించాలట, అదీ ఏళ్ల తరబడి. గొంతు నొప్పి మళ్లీ వస్తే గుండె పాడవుతుందట. నొప్పి లేని పిల్లకు మందేమిటో! సర్కారు ఊరికే ఇస్తోంది కదా, కాదనడమెందుకు అనుకుంది.

సువర్ణముఖి గట్టున సిద్ధమ్మ వాళ్లుండే యానాది గుడిసెల్లో ఒక పద్ధతి ఉంది. చేప దొరికినా, తేనె దొరికినా అందరికీ సమంగా పెట్టాల్సిందే. ఒకరు తింటుంటే ఒకరు చూస్తూ కూర్చోవడం వాళ్ల ఇంటా వంటా లేదు. మరి అంత మంచి మందు పెద్దదానికే వేయించి, దాని వెనకే పుట్టిన కన్ని నోరు కొట్టడమెట్లా? అందుకని ఒక విడత పోలిని తీసుకుపోయింది, తర్వాతి విడత కన్నిని. ఇద్దరిదీ అచ్చం ఒకే పోలిక. ఆస్పత్రిలో పోలమ్మా అని పిలవగానే, వంతు వచ్చిన పిల్లను ముందుకు నెట్టేది.

వానలు పడ్డాక పోలికి మళ్లీ గొంతు నొప్పి, ఆ వెనకే కీళ్లు. ఈసారి నాలుగడుగులు వేస్తే ఆయాసం. బిడ్డలిద్దరినీ వెంటబెట్టుకుని సిద్ధమ్మ ఆస్పత్రికి పరుగెత్తింది.

నర్సు పంకజాక్షికి ఏమీ పాలుపోలేదు. "సూది తప్పకుండా పడతా ఉంటే ఇట్లా రాకూడదే. మధ్యలో మానేసినావా సిద్ధమ్మా?"

"మానలేదమ్మా. ఒకతూరి దీనికి, ఒకతూరి చిన్నదానికి."

పంకజాక్షి తిట్టడానికి నోరు తెరిచింది గానీ, తిట్టలేకపోయింది. "చిన్నదానికి ఆ జబ్బు లేదే తల్లీ. దానికి గొంతు నొప్పి వస్తే తీసుకురా, అప్పుడు చూస్తాము. పోలికి మాత్రం అన్ని సూదులూ పడాల. సూది తప్పినప్పుడే జబ్బు మళ్లా దూరింది. గుండెకు ఇంకా దెబ్బ తగిలుంటాది."

ఇద్దరికీ సమంగా పెట్టడం తప్పెట్లా అవుతుంది? ఎంత ఆలోచించినా సిద్ధమ్మకు అంతు చిక్కలేదు. బెంచీ మీద పోలి రొప్పుతోంది. తల్లి కన్నిని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"పెద్దదాని మందు దీని ఒంట్లోనే గదమ్మా ఉండేది. దీని నెత్తురు తీసి దానికి ఎక్కించు. అక్కకే గదా, ఇదేమీ అనుకోదు."