పసుపులో పడ్డ బంతులు

నేను ఒక బ్యాట్‌ని. ఆ మాట వినగానే మీకు క్రికెట్ గుర్తుకొచ్చి ఉంటుంది. మీ తప్పేం లేదు, నన్ను చూసిన ప్రతివారూ "ఇదేం బ్యాటు, రోకలిబండ లెక్కుంది?" అనే అడిగారు. నేను బేస్‌బాల్ బ్యాట్‌ని. ఉత్తరాదిలో ఒక కార్ఖానాలో పుట్టి, రైలెక్కి, నిజామాబాద్ జిల్లాలో ఒక సర్కారు బడికి చేరాను. అక్కడ చాలాకాలం నన్ను ఎందుకు చేశారో ఎవరికీ తెలియలేదు. వాచ్‌మన్ ఎల్లయ్య నాతో పందులను తోలేవాడు. తలుపు గొళ్లెం ఊడినప్పుడు అడ్డంగా కూడా పెట్టాడు. మనుషులు దేన్నీ వృథా పోనివ్వరు, దాని అసలు పని ఒక్కటి తప్ప.

లింబాద్రి సార్ వ్యాయామ ఉపాధ్యాయుడిగా వచ్చాక నన్ను ఎల్లయ్య చేతిలోంచి లాక్కుని ఆడపిల్లలకిచ్చాడు. ఆట కష్టమైనదేం కాదు. విసిరిన బంతిని కొట్టాలి, నాలుగు మూలల్లో ఉన్న గుర్తులను తాకుతూ పరుగెత్తాలి. కొట్టిన బంతిని ఎవరైనా గాల్లో పట్టుకుంటే ఔట్.

ఆ జట్టులో గంగోత్రి అనే సన్నటి పిల్ల ఉండేది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. పదో తరగతి కాగానే కూతుర్ని కూడా బీడీల చాట ముందు కూర్చోబెడతామని ఇంట్లో తేల్చి చెప్పారు. క్రీడల హాస్టల్లో సీటు వస్తేనే చదువు సాగేది. ఆ సీటుకు బడి నుంచి ఒక్కరి పేరే పంపాలి. మొహానికి జాలీ మాస్కు పెట్టుకుని, కొట్టేవాళ్ల వెనక కూర్చుని బంతి పట్టే భూలక్ష్మిదీ అచ్చం ఇదే కథ. ఇద్దరి ఇళ్లలోనూ చాటలు సిద్ధంగా ఉన్నాయి.

గంగోత్రికి బంతంటే భయం. అది దగ్గరికి రాగానే కళ్లు మూసుకుని, ఆలస్యంగా నన్ను ఊపేది. బంతి తగిలితే పిడి పైనున్న నా మెడకు తగిలేది. ఆ దెబ్బ నాకూ నొప్పే, ఆమె మోచేతులకూ నొప్పే. బ్యాట్‌కు లోకంలో తెలిసింది ఒక్కటే, బంతి ఎక్కడ తగిలిందన్నది. ఆ ఒక్కటీ మాత్రం దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాఘమాసంలో మైదానంలో కుడివైపు సగం పసుపుతో నిండిపోయింది. ఉడకబెట్టిన పసుపుకొమ్ములను రైతులు ఏటా అక్కడే ఆరబోస్తారు. దాన్ని ఎవరూ తొక్కరు. లక్ష్మి అని కొంత, రైతు ఊరుకోడని కొంత. అందుకని సార్ ఒక నియమం పెట్టాడు: బంతి పసుపులో పడితే కొట్టిన పిల్ల రెండో గుర్తు దాకా తాపీగా నడిచి వెళ్లొచ్చు.

గంగోత్రి దశ తిరిగింది. నా మెడకు తగిలిన బంతి కుంటుకుంటూ కుడివైపు లేచేది, పట్టేవాళ్ల తలల మీదుగా పోయి పసుపులో మెత్తగా కూలబడేది. చప్పట్లే చప్పట్లు. "ఏం తిన్నవ్ బిడ్డా, గిట్ల కొడ్తున్నవ్?" అని సార్ మురిసిపోయాడు. పిల్లలు అదంతా నా మహిమేనని తేల్చి, నాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. నిజం చెప్పొద్దూ, పందులను తోలిన దాన్ని కదా, నేనూ కాస్త ఉబ్బిపోయాను. కానీ ఆ దెబ్బలు ఉత్తవని నాకు తెలుసు.

అయితే ఆ ఉత్త దెబ్బలకు వచ్చిన చప్పట్లు ఆ పిల్లను నిజంగానే మార్చాయి. వెన్ను నిటారైంది. ఒకరోజు బంతి వస్తుంటే కళ్లు మూయలేదు. బంతి వచ్చి నా పొట్ట మధ్యలో తగిలింది. నాకు నొప్పే తెలియలేదు. చప్పుడు మాత్రం గోడ దాటి పోయింది.

మా కర్మ, అదే వారంలో పసుపు ఎత్తి మార్కెట్ యార్డుకు తీసుకుపోయారు. ఖాళీ అయిన చోట పిల్లలు నిలబడ్డారు. గంగోత్రి ఎంత బాగా కొట్టినా బంతి సూటిగా పోయి ఎవరో ఒకరి చేతిలో పడుతోంది. ఔట్. మళ్లీ ఔట్. "పసుపు పాయె, గంగోత్రి ఆట పాయె" అని పిల్లలు నవ్వారు. దొంగ దెబ్బలకు దండలు వేసినవాళ్లే అసలు దెబ్బలకు నవ్వుతుంటే నా కడుపు మండింది. అరిచి చెబుదామంటే నాకు నోరు లేదు.

పేరు పంపాల్సిన సాయంత్రం సార్ నిట్టూర్చాడు. "గంగోత్రిది గాలివాటం. భూలక్ష్మీ, నీ పేరే పంపుత."

భూలక్ష్మి నన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేతుల చెమట నాకు తగిలింది. ఊరుకుంటే చాలు, సీటు ఆమెదే.

"సార్, పసుపుల పడ్డయి ఉత్తయే," అంది. "ఇప్పుడు కొడ్తున్నయే అసలువి."

"నీకెట్ల ఎర్క?"

"నేను ఎనకనే కూసుంట గదా సార్. సప్పుడు మారింది."

"మారితే మారె. నిలుస్తదా మరి?"

"నిలుస్తదో లేదో నాకేం ఎర్క సార్. గప్పుడు కండ్లు మూసుకుంటుండె. ఇప్పుడు తెరుస్తున్నది. గంతే."

 సార్ గంగోత్రిని పిలిచి నన్ను చేతికిచ్చి, తాను మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బంతి ఎటు పోతుందో చూడలేదు, విన్నాడు. ఒక్కో దెబ్బకూ ఆయన తల కొద్దికొద్దిగా ఊగింది. చివరి దెబ్బకు నా మెడ ఫటుక్కున చీలింది. పసుపు రోజుల దెబ్బలకు అక్కడ ఎప్పుడో బీట పడింది, ఆ రోజు తెగింది.

గంగోత్రి పేరే వెళ్లింది. భూలక్ష్మి మొహానికున్న జాలీ మాస్కు ఆ రోజు చీకటి పడేదాకా తీయలేదు. ఇంటికి పోతూ నన్ను తీసుకుపోయింది.

ఏడాది తిరిగి మళ్లీ పసుపు ఆరబోశారు. ఇప్పుడు నా పని దాని మీద కప్పిన టార్పాలిన్ పట్టా గాలికి లేవకుండా మూల మీద పడుకోవడం. మైదానం అదే. భూలక్ష్మి పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని, బీడీలు చుడుతూ కావలి కాస్తుంది. వెనక పిల్లలు ఆడుతుంటే తిరిగి చూడదు. ఎప్పుడైనా ఒక మంచి దెబ్బ వినిపిస్తే మాత్రం చేతులు ఆగుతాయి.

మొన్న గంగోత్రి సెలవులకు వచ్చింది. మొదట్లో హాస్టల్లో వరసగా ఔటయ్యిందట, పంపించేస్తారని ఏడ్చిందట. ఇప్పుడు కొన్నిరోజులు కొడుతోంది, కొన్నిరోజులు లేదు. అదంతా చెబుతూ చాట వైపు చూడలేక తల దించుకుంది.

"కండ్లయితే మూస్తలేవు గదా?" అని అడిగింది భూలక్ష్మి.

"లేదే."

"అయితె సాలు."

భూలక్ష్మి మళ్లీ ఆకు తీసుకుంది. గంగోత్రి కాసేపు అలాగే కూర్చుని, చాటలోంచి తానూ ఒక ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. పొద్దు గూకేదాకా ఇద్దరూ చుడుతూనే ఉన్నారు.