మెట్ల దగ్గర మీటర్లు

పొద్దున్నుంచి కుంతి రాసిన పార్కింగ్ జరిమానా టికెట్లు ఇన్‌స్పెక్టరుకు చాలలేదు. బీచ్ రోడ్డు వేడి ఆమె బూట్ల అడుగుల్లోంచి పాదాలకు తగులుతోంది. ఇన్‌స్పెక్టరు శివ ప్రసాద్ మోటారు సైకిలు ఆపి, దిగకుండానే అన్నాడు.

"అరే కుంతి, ఇక్కడేం టైం ఖరాబు చేస్తా ఉండావ్? మెట్ల కాడికి పో. సబేటో ఊరి నుంచి బూడిదవాళ్లు వచ్చినారు."

అస్థికలు సముద్రంలో కలపడానికి ఆ మెట్ల దగ్గరకు వచ్చే కుటుంబాలకు కౌన్సిలు ఆఫీసులో పెట్టిన పేరు అది.

కుంతి వెళ్లేసరికి వాళ్లు వ్యాను దిగుతున్నారు. పోతయ్య అనే చెరకు రైతు, వాళ్ల పండిట్‌జీ, నలుగురైదుగురు చుట్టాలు. బండి నడిపింది పోతయ్య కూతురు విమ్లా. ఆమె పార్కింగ్ మీటరులో ఇరవై సెంట్ల నాణెం వేసి పిడి తిప్పింది. ముల్లు గంట దగ్గరకు వెళ్లి ఆగింది. ఇంకో నాణెం వేసింది. ముల్లు కదలలేదు.

"దీదీ, ఇది గంటేనా? పూజ రెండు గంటలు పడతాది."

"గంటే. మధ్యలో ఒకరొచ్చి కాయిన్ వేసి పోండి."

"ఎట్లా వస్తాం? కుండ దిగినాక నీళ్లలో కలిసేదాకా ఎవరూ వెనక్కి తిరగకూడదు. మీ ఇంట్లో లేదా ఆ పద్ధతి?"

ఉంది. కుంతి వాళ్ల అవ్వ అస్థికలు కలిపింది ఈ మెట్ల దగ్గరే.

"రాయనీలే బేటీ," అన్నాడు పోతయ్య. భార్య అస్థికలున్న కుండ, ఎర్ర గుడ్డ కట్టి, అతని చేతుల్లో ఉంది. "మా అన్నని కలిపినప్పుడూ రాసినారు. టైముకి రానని అమ్మణి నన్ను బతికినన్నాళ్లూ తిట్టింది. ఈ పొద్దు ఆమె టైము ఆమెని తీసుకోనీ."

చుట్టాల్లో ఒకావిడ నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు మెట్లు దిగారు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

నిరుడు దాకా ఇక్కడ రెండు గంటల మీటర్లు ఉండేవి. టికెట్లు పడటం లేదని కౌన్సిలు వాటిని పీకించి గంట మీటర్లు పెట్టింది. గంట దాటితే అద్దంలో ఎర్ర రేకు లేస్తుంది. ఎర్ర రేకు కనిపిస్తే టికెట్టు. టికెట్టు కట్టకపోతే కోర్టు నుంచి సమన్లు. పక్కనున్న మీటర్లకు మాత్రం గుడ్డ సంచులు తొడిగి ఉన్నాయి. ఏడాదికోసారి హోటలు సొమ్ము కట్టి పట్టుకున్న జాగా అది. హోటలు బస్సు పగలంతా అక్కడే ఉంటుంది, టూరిస్టుల కోసం ఇంజను ఆడుతూ.

హోటలులో దిగినవాళ్ల అద్దె కారుకు టికెట్టు రాస్తే మేనేజరు ఫోను చేస్తాడు. బట్టల కొట్టు శేఠుకు రాస్తే కౌన్సిలరు ఫోను చేస్తాడు. అస్థికలు కలిపి వచ్చేవాళ్లు వైపరు కింద కాగితం చూసి, తీసి జేబులో పెట్టుకుంటారు. ఆ రోజు గొడవపడకూడదు, దారిలో ఆగకూడదు, నేరుగా ఇంటికి పోయి స్నానం చేయాలి. కౌన్సిలుకు ఆ సంగతి తెలుసు. తెలిసే మీటర్లు మార్చింది.

ఎర్ర రేకు లేచింది. కుంతి టికెట్ల పుస్తకం తెరిచి, వ్యాను నంబరు చూసి, మూసేసింది. శివ ప్రసాద్ మళ్లీ వచ్చాడు.

"రాయి."

"వాళ్లు నీళ్లలో ఉండారు భయ్యా."

"బండి నీళ్లలో లేదు కదా."

"పూజ గంటలో కాదని మనకి తెలుసు."

"తెలుసు గనకే నిన్ను పంపినా. ఒక్క మాట అనరు. సీదా కట్టేస్తారు."

"అనరు. అందుకే నేను రాయను."

అతను ఇంజను ఆపాడు. "ఎవరి బండైనా కానూను ఒకటే."

"అయితే ఆ సంచులు తీయించండి. బస్సుకీ రాస్తా, దీనికీ రాస్తా."

"హోటలు పైసా కట్టింది."

"ఈ పిల్లా కట్టింది. రెండో గంటకి కూడా కాయిన్ వేసింది. మీ మీటరు మింగేసింది, ముల్లు కదల్లేదు."

"నా మీటరు?" శివ ప్రసాద్ నవ్వాడు. "శుక్రవారం నీ పర్మనెంటు కాగితం మీద సైను చేసేది ఎవరు? చెప్పు. మీ ఆయన మిల్లు పని పోయి ఇంట్లో కూచున్నాడు. ఇద్దరూ కూచుంటారా?"

కుంతి పుస్తకం తెరవలేదు.

"సరే, పుస్తకం దే. నేనే రాస్తా," అని అతను చేయి చాచాడు.

అప్పుడే పోతయ్య, అతని వెనకే మిగతావాళ్లు మెట్లెక్కి వచ్చారు. పోతయ్య తడిసిన పంచె కాళ్లకు అంటుకుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎర్ర రేకు చూశాడు, ఇన్‌స్పెక్టరును చూశాడు. కూతురి సంచిలోంచి పర్సు తీశాడు.

"ఎంత బేటీ?"

"ఏం లేదు తాతా. బండెక్కు."

"రాసినారు గదా?"

"రాయలేదు. దారిలో ఆగకుండా ఇంటికి పో."

పోతయ్య పర్సు పట్టుకుని నిలబడ్డాడు. విమ్లా తండ్రి భుజం పట్టి బండెక్కించింది. శివ ప్రసాద్ చేయి చాచే ఉంది. కుంతి పుస్తకాన్ని రెండు చేతులతో వీపు వెనక పట్టుకుని, వ్యాను కదలడానికి పక్కకు జరిగింది.