ఇరవై రెండు నిమిషాల దారి

వంటింటి గడియారం ఇరవై నిమిషాలు ముందు నడుస్తోందన్న సంగతి సర్వేయరు గారికి ఆ రోజు పొద్దున్న తెలిసింది. మూడు వారాల కిందట బాగుచేయడానికిచ్చిన చేతిగడియారం ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చింది. దాన్ని పెట్టుకుని, అలవాటు కొద్దీ గోడవంక చూసి, మళ్ళీ చేతివంక చూసి, రెండింటికీ తేడా లెక్కకట్టాడాయన.

ఆ గడియారం ఐదు నిమిషాలు ముందుంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన భార్య దాన్ని అలా తిప్పి పెట్టింది, మగడు వేళకు ఆఫీసు చేరాలని. ఆయన మనసులోనే ఐదు తీసేసుకుని తీరిగ్గా బయల్దేరేవాడు. ఆమె కలపడం, ఆయన తీసెయ్యడం, ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళ సంసారం ఈ లెక్క మీదే నడిచింది.

"ఐదు కాస్తా ఇరవై ఎప్పుడైంది?" అన్నాడు.

"మీరెలాగూ తీసేస్తారు కదా అని ఇంకో పదిహేను కలిపాను." ఆమె పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే జవాబిచ్చింది.

"నాతో ఒక్క మాట చెప్పకుండానా?"

"చెబితే ఇరవయ్యీ తీసేస్తారు. ఇక తిప్పి ఏం లాభం?"

కొలతలు కొలిచి బతికేవాడి ఇంట్లోనే దొంగ కొలత పెట్టావన్నాడాయన. ఆ దొంగ కొలతే కదా తొమ్మిది రోజులుగా మిమ్మల్ని మీ అటెండరు కంటే ముందు ఆఫీసులో కూర్చోబెట్టింది, అందామె. ఆ మాటతో ఆయన మొహం చిన్నబోయింది. ఏటి మీది వంతెన మూసేశాక కూడా అవతలి ఒడ్డునున్న ఆఫీసుకు రోజూ ముందే చేరుతున్నానని, అదంతా తాను గీసిన చుట్టుదారి చలవేనని ఆయన అందరితోనూ చెప్పుకుంటున్నాడు మరి.

మునిమనవరాలికి జడ వేస్తున్న అత్తగారు దువ్వెన ఆపింది. "మావాడికి టైము చూపించడానికొక గడియారం, టైము చెప్పడానికొక పెళ్ళాం. రెండూ ముందే నడుస్తాయి, పాపం."

నిండు నెలలతో ఉన్న కూతురు చిట్టి నవ్వింది గానీ, నవ్వితే పొట్ట లాగుతుందని వెంటనే ఆపేసింది. ఆయన పళ్ళెంలో సగం వదిలేసి స్కూటరు తీశాడు. గడియారాన్ని మాత్రం ఎవరూ సరిచెయ్యలేదు. తిప్పినవాళ్ళే సరిచేస్తారని ఆయన, అడిగితే అప్పుడు చూద్దామని ఆమె.

ఆ రోజు కూతురిని ఆసుపత్రిలో చూపించాలి. నెలలు నిండాయి, డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అల్లుడు దూరాన సిమెంటు కర్మాగారంలో పనిచేస్తాడు, శనివారాలే వస్తాడు. తేదీ కంటే తల్లిని తినేస్తున్న దిగులు వేరే ఉంది. మొదటి కాన్పులో మొదటి నొప్పి వచ్చిన గంటన్నరకల్లా పిల్ల చేతిలోకొచ్చింది. అప్పుడు వంతెన ఉంది. ఆటో ఎక్కిన ఎనిమిది నిమిషాలకు ఆసుపత్రి మెట్ల దగ్గర దిగారు. ఇప్పుడు వంతెన మొదట్లో రేకులు నిలబెట్టి, వాటి వెనక పాత స్తంభాలను పొద్దస్తమానం పగలగొడుతున్నారు. కొత్తది కట్టడానికి ఏడాది దాటుతుందట. అందాకా ఈ ఒడ్డు వాళ్ళు ఇటుకబట్టీల పక్కగా వెళ్ళి, రైలుగేటు దాటి, ఎగువనున్న ఇరుకు వంతెన మీదుగా అవతలికి చేరాలి.

ఆ దారిని ఎంచి, కొలిచి, పటం గీసింది సర్వేయరు గారే. ఆ పటం ఇంటింటికీ పంచారు. అడుగున పెద్ద అక్షరాలతో "ఆసుపత్రికి 22 నిమిషాలు" అని ఉంటుంది. అరగంట దాటే దారైతే వంతెన పూర్తయ్యేదాకా ఈ ఒడ్డున ఒక అంబులెన్సు, ఒక నర్సు ఉండాలని ఆఫీసులో నియమముందట. మన దారి అరగంటలోపే కనక ఆ అవసరం రాలేదని ఆయనే ఒక రోజు భోజనం దగ్గర చెప్పాడు. ఆ రోజు ఆమెక్కూడా గర్వంగానే అనిపించింది.

ఆటో ఎక్కగానే ఆమె కూతురి ఫోను తీసుకుని టైము చూసుకుంది. ఇటుకబట్టీల దగ్గర లారీల దుమ్ము. గేటు దగ్గర పడిగాపులు. గేటు అవతల కంకర రోడ్డు మీద ఆటో ఎగిరినప్పుడల్లా ఆమె చెయ్యి కూతురి పొట్టకు అడ్డంగా వెళ్ళేది, ఆ చెయ్యి ఏదో ఆపగలదన్నట్టు. ఆటోవాడు మాటకారి. "ఆ కాగితం మీద ఇరవై రెండని వేసిన మహానుభావుడు రెక్కలు కట్టుకుని పోయుంటాడమ్మా" అన్నాడు. కూతురు మూతి మీద కొంగు పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఆమెకు రోషం వచ్చింది. గేటు పడిందని, రద్దీ అని, ఆ దారి కొలిచింది వంతెన మూయకముందు ఆదివారం తెల్లవారుజామునని చెప్పబోయి మానుకుని, గేటు తెరిచుండి, రోడ్డు ఖాళీగా ఉంటే ఎంత పడుతుందని మాత్రం అడిగింది.

"కాకి కూడా ఎదురు రాకపోతే ముప్పై అయిదు. అంతకు తక్కువలో నావల్ల కాదు, నన్ను కన్నవాడి వల్లా కాదు."

ఆసుపత్రి చేరేసరికి నలభై ఆరు నిమిషాలైంది.

నర్సు కాగితాలు తిరగేసి, మొదటిది గంటన్నరలో అయిందని చదివి తలెత్తింది. రెండోది అంతసేపు కూడా ఆగదని చెప్పింది. ఎంత దూరం నుంచి వస్తున్నారని అడిగి, విని, ఒక్క క్షణం పెన్ను ఆపింది. "నొప్పి మొదలైందంటే చెప్పులు కూడా వెతుక్కోకండి" అంది.

బయట బల్ల మీద వాళ్ళ వీధిలోని ఇస్త్రీ కొట్టు అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకూ నెలలు నిండాయి. వెంట ఎవరూ లేరు. మొగుడు కొట్టు వదిలి రాలేడు, అటు పుట్టింటివాళ్ళూ లేరు. భయంగా లేదా అని ఆమె అడిగితే ఆ అమ్మాయి తేలిగ్గా నవ్వింది.

"భయమెందుకమ్మగారూ, ఇరవై రెండు నిమిషాలే కదా. సారే కొలిచారంట కదా. ఇందాక గేటు పడి ఆలస్యమైందిగానీ."

తానింతకు ముందు ఆటోవాడితో చెప్పబోయిన మాటే అది. వేరొకరి నోట వింటుంటే దాని డొల్లతనం తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె మనసంతా ఆ ముప్పై అయిదు మీదే ఉంది. ఆయన ఎలాంటి మనిషో ఆమెకు తెలుసు. తలుపుకు కర్టెను కొనాలన్నా టేపు పట్టుకుని రెండు వైపులా కొలిచి కాగితం మీద రాస్తాడు. ఊహించి అంకె వేసే రకం కాదు. మరి పదమూడు నిమిషాలు ఎక్కడికి పోయినట్టు?

ఇంటికి రాగానే కూతుర్ని పడుకోమని చెప్పి, ఆయన బల్ల సొరుగు తీసింది. నల్ల అట్ట నోటుబుక్కులో ఆ ఆదివారం పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన రాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

"చేతిగడియారం రిపేరులో. బయల్దేరింది ఇంటి గడియారం 6.20, ఐదు తీయగా 6.15. చేరింది ఆసుపత్రి గడియారం 6.37. ప్రయాణం 22 ని."

ఆమె ఆ పేజీని రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది. వంతెన మూస్తారని నోటీసు వచ్చిన ఆ శనివారం రాత్రి, వంట గట్టు కడిగి, ఎత్తు పీట వేసుకుని, ముల్లును పదిహేను నిమిషాలు ముందుకు జరిపింది తనే. జరిపి, కిందికి దిగి, తన తెలివికి తానే మురిసిపోయింది కూడా. మర్నాడు పొద్దున్న ఆయన అదే గడియారం చూసి, అలవాటుగా ఐదే తీసేసి, స్కూటరెక్కాడు.

ఇరవై తీస్తే బయల్దేరింది ఆరింటికి, చేరింది 6.37కి. ముప్పై ఏడు. అరగంట దాటి ఏడు నిమిషాలు.

సాయంత్రం దాకా ఆమె చేసిన పనే మళ్ళీ చేసింది. ఆరేసిన బట్టలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. చెప్పకపోతే? ఆయన ఉద్యోగంలో ఇన్నేళ్ళలో ఆయన కొలతను ఒక్కరూ వేలెత్తి చూపలేదు. చెబితే ఆ పరువు తన చేతులతో తీసినట్టు. చెప్పకపోతే, ఆ పైది ఆలోచించబోయి మళ్ళీ బట్టలందుకునేది.

ఆయన వచ్చి బూట్లు విప్పుతుండగా నోటుబుక్కు ఆ పేజీ దగ్గర తెరిచి ఒళ్ళో పెట్టింది. "పొద్దున అడిగారుగా, ఐదు ఇరవై ఎప్పుడైందని. ఆ ముందురోజు రాత్రి" అంది.

ఆయన చదువుకున్నాడు. పెదాలు కదిలాయి. వేలితో గాల్లో ఏదో తీసివేశాడు. గొంతు తగ్గించి, రేపే చిట్టిని చెల్లెలి ఇంట్లో దింపి వస్తానన్నాడు. ఆయన చెల్లెలిది అవతలి ఒడ్డు, ఆసుపత్రికి రెండు వీధుల దూరం.

"తక్కినది ఇక్కడితో ఆగనీ" అన్నాడు. "పటాలు పంచేశారు. ఇప్పుడు చెబితే నా మొహం నేనెక్కడ పెట్టుకోవాలి?"

ముందు ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చిట్టి గట్టెక్కుతుంది, చాలు. ఆ తర్వాత బల్ల మీద ఒంటరిగా కూర్చుని నవ్విన మొహం కళ్ళ ముందు నిలిచింది.

"ఇస్త్రీ కొట్టు అమ్మాయికి అవతల ఎవరూ లేరండీ. మీరు కొలిచారని ధైర్యంగా ఉంది."

ఆయన విప్పిన బూటును కాసేపు చూసి, మళ్ళీ తొడుక్కుని, స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి కూతురు గదిలోంచి వస్తూ వస్తూ గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. మొహం ముడుచుకుంది. "ఏం లేదమ్మా, నడుం" అంది, కానీ చెయ్యి గుమ్మం వదల్లేదు.

ఆమె గడియారం వంక చూసింది. ఏడూ నలభై. ఇరవై తీస్తే ఏడూ ఇరవై. ఇంట్లో బండి లేదు. ఆటోలు ఈ వేళ గేటు దగ్గరే చిక్కుకుని ఉంటాయి. ఇప్పుడు కబురు చేస్తే రావడానికి పది, పోవడానికి నలభై ఆరు. లెక్క మొదట్లోనే తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పింది. అత్తగారు మాట్లాడకుండా వచ్చి మనవరాలి నడుము మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆవిడ నోట వేళాకోళం రాకపోవడం చూసి ఆమె వీధిలోకి తొంగి చూసి వచ్చింది.

నొప్పి తగ్గింది. ముగ్గురూ రెండోదాని కోసం ఎదురుచూశారు. గడియారం టిక్కుటిక్కు మంటోంది గానీ, అది చెప్పే మాట నమ్మడానికి లేదు. రెండో నొప్పి రాలేదు. అరగంట చూశాక, "ఆటో కుదుపులకు పట్టేసిందంతే" అంది అత్తగారు. ఆ మాటతో ముగ్గురూ ఒక్కసారే కూర్చున్నారు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆమె వడ్డనకు పళ్ళాలు పెడుతోంది. చొక్కా నిండా ఇటుకదుమ్ము. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి తన చోట కూర్చున్నాడు. చిట్టి కూతురు ముద్దలన్నీ వరసగా పెట్టి లెక్కపెడుతోంది. నడుం నొప్పి సంగతి అత్తగారు చెప్పింది. ఆయన కూతురి వంక చూశాడు. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాడు.

"వెళ్ళేటప్పుడు నలభై ఒకటి. వచ్చేటప్పుడు ముప్పై తొమ్మిది. రెండుసార్లూ గేటు తెరిచే ఉంది."

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే ఆ నోటుబుక్కు తీసుకెళ్ళి మా ఆఫీసు పెద్దాయన బల్ల మీద పెడతాను. అంకె తప్పని నా చేత్తో రాసిస్తాను. అంబులెన్సు ఈ ఒడ్డుకు వచ్చేదాకా అక్కణ్ణుంచి లేవను. చెల్లెలితో ఇందాకే మాట్లాడాను. రెండు మంచాలు వెయ్యమన్నాను. చిట్టితో పాటు ఇస్త్రీ కొట్టు అమ్మాయి కూడా వెళ్తుంది. దార్లో వాళ్ళాయనతోనూ చెప్పొచ్చాను."

"గడియారం తిప్పింది నేనని కూడా రాయండి" అంది ఆమె.

"అది రాయను. దాన్ని నమ్మి బయల్దేరింది నేను." పళ్ళెం అంచు వెంట వేలు పోనిచ్చాడు. "ఆటో ఏడింటికి రమ్మంటాను. వాళ్ళను దింపి నేను ఆఫీసుకు పోతాను."

కూతురి చెయ్యి మళ్ళీ నడుం మీదికి వెళ్ళడం ఆమె ఒక్కతే చూసింది.

"ఆరింటికే రమ్మనండి" అంది.

ఆయన ఆమె వంక చూశాడు. ఈసారి ఏమీ తీసెయ్యలేదు.

"సరే, ఆరింటికే" అన్నాడు.